వంతెన కింద పడవ

సాయంత్రం విందుకి భర్త బూట్లు మెరిపిద్దామని డోర్కస్ అటక మీది మైనం గిన్నె దింపింది. గిన్నె ఖాళీ. అడుగున మసి వేలిముద్రలు, ఇనుప రజను.

పోతపనివాళ్ల ఇంట్లో పుట్టిన మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు. పోత పోసేటప్పుడు గాలి చిక్కితే ఇనుములో బొక్క పడుతుంది. దాన్ని పగలగొట్టి మళ్లీ పోయాలి. పని ఎగ్గొట్టేవాడు మాత్రం తేనెమైనంలో మసి, రజను కలిపి బొక్కలో కూరి, రంగేసి చేతులు దులుపుకుంటాడు. పోతపని మేస్త్రీ అయిన భర్త జాబెజ్ అలాంటివాడు కాదు. ఇక మిగిలింది అతని దగ్గరే పోతపని చేస్తూ తమ మేడగదిలో ఉంటున్న ఆమె తమ్ముడు ఈలై.

ఆమె సెవెర్న్ నది ఒడ్డున కొత్త వంతెన దగ్గరికి పరుగెత్తింది. రేవు పడవ మునిగి జనం పోయాక ఊరు పట్టుబట్టి కట్టించుకున్న ఇనుప వంతెన అది, జాబెజ్ పోత పోయించింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పక్కపక్కనే ఐదు వంపు దూలాలు, ఆకుపచ్చ రంగు, కటకటాల మీద రాణిగారి కిరీటం. ఇవాళే బరువు పరీక్ష. ఇనుప దిమ్మెలు నింపిన బళ్లు వంతెన మొదట్లో నిలబడ్డాయి. బళ్లు దాటుతుంటే పోతపని మేస్త్రీ వంతెన కింద పడవలో కూర్చోవాలి. అది ఆ ఊరి ఆనవాయితీ. పోత ఇనుము వంగి హెచ్చరించదు, ఫెళ్లున విరుగుతుంది. ఆ పడవలో జాబెజ్ తాపీగా చుట్ట కాలుస్తున్నాడు.

ఈలై గట్టు మీద దొరికాడు.

"ఒరేయ్, నా మైనం ఏం చేశావురా?"

"ఇప్పుడా అక్కా అడిగేది? కొత్తది కొనిస్తాలే."

"ఏ దూలం?"

వాడి మొహం పాలిపోయింది. "మెల్లగా! మధ్యది. బొటనవేలంత బొక్క. బావకి తెలిస్తే గెంటేసేవాడు. దానికేం కాదక్కా, ఒట్టు."

తల్లి పోయాక వాణ్ణి ఆమే పెంచింది. అరిస్తే వాడి బతుకు బజారున పడుతుంది. అరవకపోతే తన బతుకే నీళ్లపాలవుతుంది. వాడంటే అసహ్యం వేసింది. జాలీ వేసింది.

"ఏం కాదుగా? అయితే వెళ్లి మీ బావ పక్కన కూర్చో. లేదంటే ఇక్కడే అరుస్తాను."

ఈలై నవ్వబోయాడు. అక్క నవ్వలేదు. కిందికి దిగాడు.

"రారా బావమరిదీ!" జాబెజ్ పకపకా నవ్వాడు. "నీళ్లంటే చచ్చేంత భయం కదా నీకు, ఇవాళ ఇంత ధైర్యం ఎవరిచ్చార్రా?"

ఈలై ఒక కాలు పడవలో పెట్టాడు. పైన మొదటి బండి చక్రం ఇనుము మీదికెక్కి ధన్‌మంది. వాడు తలెత్తి మధ్య దూలాన్ని చూశాడు. కాలు వెనక్కి లాక్కున్నాడు. గట్టు మీది జనమంతా చూశారు.

"ఆపండి!" ఈలై గొంతు చీలిపోయింది. "బండి ఆపండి!"

బండివాడు కళ్లేలు బిగబట్టాడు. గుర్రాలు కాళ్లు జారుతూ ఆగాయి. జాబెజ్ ఒడ్డుకి దూకాడు. రాతికట్టు మీద దూలం ఆనేచోట ఈలై చూపించిన మచ్చలో చాకు పొడిచాడు. చాకు పిడిదాకా దిగిపోయింది. పక్కన ఇంకోచోట పొడిచాడు. అక్కడా దిగింది.

"బొటనవేలంత అన్నావు కదరా," అంది డోర్కస్.

జాబెజ్ చాకుకంటిన నల్లటి ముద్ద వాసన చూసి భార్యవైపు తిరిగాడు.

"ఇది మనింటి మైనం కదే. నీకెప్పుడు తెలిసింది?"

"ఇందాకే. నీ బూట్లు తుడుద్దామని గిన్నె దింపాను."

జాబెజ్ ఏదో వేళాకోళం ఆడబోయి ఆగాడు. తన బూట్లకేసీ, పైన ఆగిన బండికేసీ చూశాడు. ఆ బురదలోనే కూలబడ్డాడు.