అల్లుడుగారి ఎడమ కాలు

మా అల్లుడు త్రినాథరావు ఫిల్మ్ నగర్‌లో సినిమా వాళ్ళకి బట్టలు కుట్టేవాడు. మంచివాడే కానీ మహా మొండి. తొంభై ఒకటిలో ఆయన ఎడమ కాలి రక్తనాళాలు పూడుకుపోయాయి. వీధి చివరిదాకా నడిస్తే చాలు, పిక్క పట్టేసేది. బొటనవేలు నల్లబడి పుండు కూడా పడింది.

"సిగరెట్లు మానెయ్యండి, మందులు వాడండి. రోజూ ఎవరైనా పక్కన కూర్చుని ఆ పాదం, మోకాలు మెల్లగా ఆడించాలి. మీరు బలం పెట్టకూడదు. అలా కదిలిస్తే రక్తం కాస్త పారుతుంది. పుండు మానకపోతే మాత్రం వేలు తీసెయ్యాలి. ఆపైన పాదం సంగతి కూడా నేను చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

సిగరెట్లు ఆ రోజే మానేశాడు. కాలు ఆడించే దగ్గరే వచ్చింది చిక్కు. మా అమ్మాయి సత్యలక్ష్మి షూటింగుల్లో హెయిర్ డ్రస్సరు. పొద్దున్నే వ్యాను ఎక్కితే చీకటిపడ్డాకే దిగేది. ఇంట్లో మిగిలేది నేనే. పీట వేసుకుని ఆయన ముందు కూర్చున్నాను.

చటుక్కున కాళ్ళు లాగేసుకున్నాడు. "వద్దండీ అత్తయ్యగారూ. పెద్దవారు మీరు నా కాళ్ళు పట్టుకుంటే నాకు ఆయుక్షీణం."

నాకు ఒళ్ళు మండింది. "పెళ్ళిలో మా ఆయన మీ కాళ్ళు కడుగుతుంటే నీళ్ళు పోసింది నేనే. అప్పుడు తరగని ఆయుష్షు ఇప్పుడు తరుగుతుందా బాబూ?"

"అప్పుడు నేను విష్ణుమూర్తినండీ. ఇప్పుడు టైలర్ని."

ఇక ఈ మనిషితో ఏం మాట్లాడను? షూటింగు లేని రోజు అమ్మాయి ఆడించేది. మిగతా రోజులన్నీ ఆ కాలు కట్టెలా పడుండేది. నా కూతురి మొగుడు కర్రలు పట్టుకు నడుస్తాడేమోనని తలుచుకుని వంటింట్లో ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన్ని తిట్టుకున్నాను.

ఒకనాటి మధ్యాహ్నం తలగడ గలీబు చిరిగితే ఆయన కుట్టు మిషను ముందు కూర్చున్నాను. సూది పైకి లేపడానికి చేత్తో చక్రం తిప్పాను. కింద పెడలు దానంతటదే లేచి దిగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆడింది. ఓరి నా మతిమండా, ఇన్నాళ్ళూ ఇది కళ్ళ ముందే ఉంది కదా అనుకున్నాను.

పెడలు మీద పాత దుప్పటి మడతపెట్టి వేశాను. "బాబూ, ఇలా వచ్చి కూర్చోండి. పాదాలు ఇక్కడ పెట్టండి. తొక్కొద్దు."

"ఎందుకండీ?"

"నేను మిమ్మల్ని ముట్టుకోను. మిషన్ని ముట్టుకుంటాను. దానికి ఆయుక్షీణం లేదు కదా."

వచ్చి కూర్చుని పాదాలు పెడలు మీద పెట్టాడు. నేను పక్కన నిలబడి చక్రం తిప్పుతుంటే ఆయన పాదాలు మెల్లగా లేచి దిగాయి. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, కాసేపటికి సూది కింద గుడ్డ పెట్టుకున్నాడు. ఇలా మిషను మీద ఆడించొచ్చా అని సత్యలక్ష్మి డాక్టరుగారిని అడిగొచ్చింది. పుండుకి ఒరిపిడి తగలనివ్వకండి, మోకాలు మాత్రం మీరే ఆడించండి అన్నారట. ఆ మోకాలి పని రాత్రిపూట తన వంతు చేసుకుంది.

పక్కింటి బుచ్చమ్మ గుమ్మంలో నిలబడి చోద్యం చూసింది. "ఏందమ్మా గిది? అత్త చక్రం తిప్పుతుంటే అల్లుడు జాకెట్లు కుడుతుండు."

"అవును. నీకేమైనా కుట్టాలా?" అన్నాను.

మళ్ళీ చూపించుకునే రోజు బంజారా హిల్స్ ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరుగారు కట్టు విప్పి, పాదం అటూ ఇటూ తిప్పి చూశారు.

"పుండు మానుతోంది. వేలు తీయక్కర్లేదు" అన్నారు చివరికి. "మందులూ ఆపొద్దు, ఆడించడమూ ఆపొద్దు. పాదం వెచ్చబడింది. మీరే తాకి చూడండమ్మా."

చెయ్యి చాచబోయి ఆగిపోయాను. నాకూ భయమేసింది. అన్నాళ్ళు ఆయనతో వాదించినదాన్ని, నా చెయ్యి తగిలి నిజంగానే బిడ్డ ఆయుష్షు తరిగితే? చేతులు కొంగులో దాచుకున్నాను.

అది చూసి త్రినాథరావు తనే కాలు నావైపు జరిపాడు.

"చూడండి అత్తయ్యగారూ. ముందు కాలంటూ మిగిలింది. ఆయుష్షు సంగతి తర్వాత చూసుకుందాం."

రెండు చేతులతో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను, ఏడుపు ఆగలేదు. డాక్టరుగారు తర్వాతి పేషెంటుని పిలిచినా ఆ కాలు వదల్లేదు నేను.