ఇనుము మాత్ర

జూలై ఆరో తేదీ, ఆదివారం. ఇనుప గనుల ఊరు బచేలిలో, రైల్వే క్వార్టరులో ఆ మధ్యాహ్నం తిన్నవన్నీ భూషణానికి ఇంకా గుర్తే. వెదురుకొమ్ముల కూర, చింతపండు చారు, ఆఖరున సంతలో కొన్న నేరేడుపళ్ళు. ఏడో నెల గర్భిణి, కోడలు స్వర్ణకుమారి పళ్లెంలో మాత్రం పాలన్నం, కొబ్బరి ముక్క. తల్లి లేని ఆ పిల్లకు పురుడు పోయడానికి పలాస నుంచి వచ్చిన భూషణం అక్క వరహాలమ్మ, పక్కనే కూర్చుని గోముగా తినిపించింది.

చూసేవాళ్ళకు అది ప్రేమ. నిజానికీ ప్రేమే. కానీ ఆ పళ్లెంలోకి నల్లనిదేదీ రాకూడదన్నది ఆవిడ నియమం. నేరేడు తిన్నా, టీ తాగినా బిడ్డ నల్లగా పుడుతుందట. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రలూ అందుకే మాన్పించింది. ఇనుమంటేనే నలుపు కదా! కొండలన్నీ ఇనుమే అయిన ఊళ్ళో ఒక తల్లి ఒంటికి ఇనుము కరువైంది.

భూషణానికి భార్య పోయి నాలుగేళ్ళు. ఆడవాళ్ళ విషయం తనకెందుకని ఊరుకున్నాడు. అక్క చూడకుండా కోడలి చేతిలో నాలుగు నేరేడుపళ్ళు మాత్రం పెట్టాడు. ఆమె కొంగు చాటున తిని, ఊదా నాలుక చూపించి నవ్వింది.

మంగళవారం ఆరేసిన బట్టలు తీస్తూ స్వర్ణ కూలబడిపోయింది. కొడుకు శ్యామ్‌ప్రసాద్ లైను మీద డ్యూటీలో ఉన్నాడు. భూషణమే జీపు మాట్లాడి, అక్కనీ వెంటబెట్టుకుని దంతెవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, వెంటనే ఎక్కించకపోతే తల్లీబిడ్డా దక్కరని డాక్టరు చెప్పింది.

నర్సు ఇర్మె కొంటా వైపు దోర్ల తెగ పిల్ల. మాత్రలెందుకు మానిందని అడిగితే వరహాలమ్మ ఏమీ దాచలేదు.

"ఏంది పెద్దమ్మా, తల్లి పాలిపోతే బిడ్డ తెల్లగ పుడతదా?" అంది ఇర్మె. "మా వాడల నన్ను కాకి అనెటోళ్ళు. ఆళ్ళేమన్న నాకంటె తెల్లగున్నరా?"

వరహాలమ్మ బల్ల మీద కూర్చుండిపోయింది. తమ్ముడి వైపు తిరిగింది.

"నా కూతురు పుట్టినపుడు మా అత్త పొత్తిళ్ళు విప్పి, బొగ్గు పుట్టినాది అంది. ఆవిడేటి తెల్లనిదా? నాకంటే నలుపు. పిల్లకి ఆ పేరే ఉండిపోనాది. ఇప్పటికీ అది అద్దం ముందు నిలబడదు తమ్ముడా. ఈ బిడ్డకి ఆ మాట తగలకూడదనే..."

భూషణానికి కోపం రాలేదు. అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ మాట అనే నోటికి గదా అక్కా పథ్యం పెట్టాలి. కడుపుతో ఉన్న పిల్లకెందుకు పెట్టినాం?"

పరాయివాడు మన నలుపును వెక్కిరిస్తే మనం పోట్లాటకు పోతాం. అదే మాట మన ఇంట్లో, మనలాంటి ఒంటిరంగే ఉన్నవాళ్ళు ముద్దుకో జాలికో అంటే నవ్వి ఊరుకుంటాం. ఆ నవ్వు ఎవరి రక్తాన్ని పీలుస్తోందో చూడం.

రక్తం ఎక్కించారు. స్వర్ణ గండం గడిచి ఇల్లు చేరింది. అప్పటినుంచి రోజూ నిమ్మనీళ్ళతో మాత్ర మింగించింది వరహాలమ్మే. సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది, తల్లికంటే ఒక చాయ నలుపు.

పురిటిస్నానమైన నాటి సాయంత్రం పక్క క్వార్టరు సుధారాణి చూడవచ్చింది. అసలు రంగు అక్కడ తెలుస్తుందంటూ పసిదాని చెవి కొన మడిచి చూసి, ఇప్పుడిలా ఉన్నా రానురాను రంగు తేలుతుందిలెమ్మని ఓదార్చింది. స్వర్ణ తల దించుకుంది.

వరహాలమ్మ ఆ వేళ్ళను చెవి మీద నుంచి మెల్లగా తీసింది.

"తేలక్కర్లేదమ్మా, ఇదే దాని రంగు. బిడ్డకి రంగు దేవుడిచ్చినాడు. సిగ్గు మాత్రం మనమే ఇస్తన్నాం. ఈ గుమ్మం లోపల నేనది ఇవ్వనివ్వను."

 సుధారాణి పిల్ల అరికాలు ముద్దుపెట్టుకుని లేచింది. వరహాలమ్మ ఆమెను గుమ్మం దాకా సాగనంపి, పసిది ఉలిక్కిపడకుండా, రాత్రికి తలుపు మెల్లగా మూసింది.