నాయిన రాసిన రీడింగులు

మా ఆవిడ ఉమారాణి శాస్త్రవేత్త. నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు. వనపర్తి నుంచి రోజూ పొద్దున ఏడింటి బస్సుకు పోయి, సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చి, మిగిలిన టైములో పీహెచ్‌డీ చేసేది. 2007 నాటికి అట్లా తొమ్మిదేళ్లు.

ఆమె మూడు శాస్త్రాలను కలిపిందని ఇప్పుడు అందరూ అంటారు. కలిపింది ఆమె కాదు, గైడులు మారడం.

మొదటి గైడుది నానోటెక్నాలజీ. కంటికి కనబడనంత చిన్న వెండి రేణువులతో మానని పుండ్లకు మందు చెయ్యాలి. పక్కింటి సుభద్రమ్మ అంతా విని, "కనబడని వెండి ఎవరికి చూపెట్టుకుంటం ఉమా?" అనడిగింది. దానికి జవాబు దొరికేలోపు గైడు రిటైరయ్యాడు.

రెండో గైడుది బయోమెటీరియల్స్. పట్టు నుంచి పొర తీసి, ఆ వెండి రేణువులను అందులో ఇమిడ్చి, పుండు మీద వెయ్యాలి. ఉమ గద్వాల పోయి నేతగాళ్ల దగ్గర రంగు వెయ్యని పట్టు తెచ్చి మా వంటింట్లోనే ఉడకబెట్టింది. మా అమ్మ జములమ్మ పుట్టిల్లు గద్వాలే. పట్టును పప్పులాగా ఉడికించడం చూసి ఆమె రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. గద్వాల పోతోందని తెలియగానే కాలేజీ స్టాఫంతా మగ్గం రేటుకు చీరలు తెమ్మని చెప్పారు. గైడుగారి భార్య కూడా చెప్పింది. రెండేళ్లలో మా ఇంటికి వచ్చిన పట్టు రెండు కిలోలు, చీరలు పద్నాలుగు. పద్నాలుగోది అంచు నచ్చలేదని గైడుగారి భార్య వెనక్కి పంపితే మా అమ్మ ఉంచుకుంది. ఆ తర్వాత గైడుగారు వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు. ఈ రెంటికీ సంబంధం లేదని ఉమ అంటుంది.

మూడో గైడు దగ్గర రసాయనాలు లేవు. కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటుంది. పుండులో చీము పట్టించే క్రిమికి ఏ మందు గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌లోనే చూడొచ్చు. మూడు వేల మందులు, ఒకే క్రిమి. పెళ్లిచూపుల్లాంటిదే, కాకపోతే ఒక్కో సంబంధానికి ఆరు నిమిషాలే పడుతుంది. మొత్తం పన్నెండున్నర రోజులు ఆగకుండా నడవాలి. అంతా అయ్యాకే ఆ ప్రోగ్రాం ఫలితం రాసుకుంటుంది. మధ్యలో ఆగితే మళ్లీ ఒకటో నంబరు నుంచి. నేను ఎమ్మార్వో ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి నాకది వింతగా అనిపించలేదు.

థీసిస్ ఇవ్వడానికి ఆఖరు గడువు అక్టోబరు ముప్పై ఒకటి. అప్పటికే మూడుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. ఆ రోజు దాటితే తొమ్మిదేళ్లూ పోయినట్టే.

సెప్టెంబర్లో మా ఇంట్లో కంప్యూటర్ మీద మొదలుపెడితే, నాలుగో రోజు సాయంత్రం ఉమ వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మా నాయిన బాలయ్య రిటైరైన లైన్‌మన్. ముప్పై ఏళ్లు ఊళ్లకు కరెంటు ఇచ్చినాయన, ఇప్పుడు ఇంట్లో తిరుగుతూ ఒక్కో స్విచ్చీ ఆపుతుంటాడు.

"మామా, ఇది ఎవరు బంద్ వెట్టిండ్రు?"

"నేనే. అర్రల మనిషి లేడు. మిషన్ ఉత్తగనే తిరుగుతుంది. ఎవని కోసం తిరుగుతుంది అది?"

"మనిషి అవసరం లేదు మామా. దాని పని అది చేసుకుంటది."

"గట్ల పని చేసేది ఈ ఇంట్ల ఒక్కటన్న ఉన్నదా?" అని నాయిన నన్ను చూశాడు.

ఉమ లోపలికి పోయి బియ్యం కడిగింది. ఆ తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడి, మళ్లీ మొదలుపెట్టడం అక్టోబరు తొమ్మిది సాయంత్రానికి గాని కుదరలేదు. ఈసారి ఆమె కంప్యూటర్ ముందు ఒక కుర్చీ వేసి, నాయిన చేతిలో పొడుగు రిజిస్టరు పెట్టింది.

"మామా, సబ్‌స్టేషన్‌ల గంటగంటకు రీడింగు రాస్తుంటిరి కదా. గిదీ అంతే. ఎంత వరకు అయిందో ఈడ చూపిస్తది. కింద ఐదు నంబర్లు ఉంటయి, గప్పటి దాంక మంచిగ అతుక్కున్నయి. అన్నీ రాయండ్రి."

"డ్యూటీనా?"

"డ్యూటీనే."

ఆ రోజు నుంచి నాయిన స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. కరెంటు కోత ఎప్పుడని పాత జూనియర్లకు ఫోన్ చేసి, ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందో లెక్క చెప్పేవాడు. నేను పాటలు విందామని వస్తే, "డ్యూటీ లేనోళ్లు లోపలికి రావొద్దు" అన్నాడు. రాత్రి రీడింగులకు అలారం అవసరం పడలేదు. షుగరున్న మనిషి, ఎట్లాగూ నాలుగుసార్లు లేస్తాడు.

సమస్య దసరా. ఆ రోజు మా ఇంట్లో పనిముట్టు ఏదీ పని చెయ్యకూడదు. నా స్కూటర్ కూడా నిమ్మకాయల మీద నిలబడి ఉండాల్సిందే. దసరా ఇరవై ఒకటిన, లెక్క పూర్తయ్యేది ఇరవై రెండున.

"ఒక్క దినం ఆపితే ఏమైతది?" అంది అమ్మ.

ఉమ నోరు తెరిచేలోపు నాయినే అన్నాడు. "దసరా నాడు సబ్‌స్టేషన్ బంద్ వెట్టినమా ఎన్నడన్న? నడిచే ట్రాన్స్‌ఫార్మర్‌కే బొట్టు వెడుతుంటిమి. దీనికీ గంతే."

ఉమ ఆయన్ని మొదటిసారి చూసినట్టు చూసింది.

దసరా పొద్దున కంప్యూటర్‌కు బొట్లు పెట్టారు. కొబ్బరికాయ బయట కొట్టారు, జాగ్రత్తగానే. నాయిన కళ్లు తెర మీదే ఉన్నాయి. కింద ఉన్న సీపీయూ డబ్బాను ఎవరూ చూడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్జుకు కవరుంది, టీవీకి కవరుంది, రిమోటుకు ప్లాస్టిక్ కవరుంది. పండుగ పూట కంప్యూటర్ ఒక్కటే బోసిగా ఉందని, పద్నాలుగో చీర రవిక ముక్కతో అమ్మ మంచి కవరు కుట్టి, డబ్బాకు నాలుగు వైపులా బిగించింది. పట్టు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఈ సంగతి ఉమ రెండో గైడు దగ్గరున్నప్పుడే రాసింది.

పన్నెండుంపావుకు డబ్బా వేడెక్కి ఆగిపోయింది.

ఉమ కవరు విప్పి, మడత పెట్టి, నేల మీద కూర్చుంది.

"మల్ల ఒకటి నుంచా?" అన్నాను.

"మల్ల ఒకటి నుంచే. నవంబరు మూడుకు అయితది."

ముప్పై ఒకటి తర్వాత మూడు వస్తుందని మా అందరికీ తెలుసు. అమ్మ చేతిలో కుంకుమ భరిణె అట్లాగే ఉండిపోయింది.

నాయిన కళ్లజోడు పెట్టుకుని రిజిస్టరు తీశాడు. "12.15, ట్రిప్. కారణం కవర్" అని రాసి సంతకం చేశాడు. తర్వాత పైన వేలు పెట్టి చదివాడు. "పన్నెండు గంటల రీడింగు రెండు వేల ఎనిమిది వందల ఇరవై. కింది నంబర్లు 1187, 402, 2266, 91, 1730. మూడు దినాల సంది ఇవే ఉన్నయి బిడ్డా. మారలే."

ఉమ లేచి రిజిస్టరు అందుకుంది. ఓడిపోయిన వాటిని మళ్లీ నడపక్కర్లేదు. అయిపోయిన వాటిలో ఆ ఐదు, మిగిలినవి నూట ఎనభై. అన్నీ కలిపి పద్దెనిమిదిన్నర గంటలు. డబ్బా చల్లారాక రవిక ముక్క లేకుండా మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున అది అయిపోయింది. ముప్పయ్యో తారీఖున థీసిస్ ఇచ్చి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోయింది.

వైవాలో పరీక్షకుడు, "మూడు రంగాలను కలపాలన్న ఆలోచన మీకెట్లా వచ్చింది?" అని అడిగాడట. "మెల్లమెల్లగా వచ్చింది సార్" అందట ఉమ. మెచ్చుకుని పంపారు. మర్నాడు ఆమె మళ్లీ ఏడింటి బస్సుకే పోయింది, ఇంటర్ పిల్లలకు లోలకం చెప్పడానికి.

ఆ సాయంత్రం నాయిన అడిగాడు. "ఇంతకు మన 1187 పనికొచ్చిందా?"

"నిజంగ మందు చేసి చూడాలె మామా. ల్యాబు కావాలె. హైదరాబాద్‌ల అడిగితే చూస్తం అన్నరు."

"అంటే పోళ్లు పాతినం, తీగ గుంజినం. కరెంటు రాలే."

"అంతే మామా."

నాయిన కళ్లజోడు తీశాడు. "ఆత్మకూరు దిక్కు ఒక తండాకు నేనే తీగ గుంజిన. పదకొండేండ్లకు వచ్చింది కరెంటు. వచ్చిన దినం నన్ను పిలవలే."

"పోయిండ్రా మరి?"

"పోయిన. ఛాయ్ పోసిండ్రు."

ఉమ నవ్వి లోపలికి పోయింది. నాయిన లేచి ఫ్యాను ఆపాడు, లైటు ఆపాడు. కంప్యూటర్ స్విచ్చి దగ్గర చెయ్యి ఆగింది. అది నడవడం లేదని చూసుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లాడు.