లోపలి గడియ

తోటలో తొలికాయ కొయ్యగానే నూజివీడు పాత సబ్‌జైలుకి తీసుకెళ్ళడం మా మావయ్యగారు యలమంద అలవాటు. స్వాతంత్ర్యానికి ముందు వాళ్ళ నాన్న అక్కడే ఖైదులో ఉన్నారు. ఆ జైల్లో ఇప్పుడు మిగిలినవి రెండు గదులు. ఊచల తలుపున్న గది గుమ్మంలో ముచ్చిక ఊడని చిన్నరసం మామిడికాయ పెట్టి, మావయ్యగారు కాసేపు వాళ్ళ నాన్నతో మాట్లాడతారు. తర్వాత పక్కనున్న తలుపులేని గది గోడ చాటున ఒంటికి వెళ్ళొచ్చి స్కూటరెక్కుతారు. ఆ వీధిలో మగవాళ్ళందరికీ ఆ గోడే దిక్కు.

ఈసారి ముసునూరు నుంచి నేనూ తోడు వెళ్ళాను. మేం వెళ్ళేసరికి అక్కడ జేసీబీ సిద్ధంగా ఉంది.

"గుర్తుగా ఒక్క గది ఉంచమన్నారండి. మీ నాన్నగారున్నది ఏదో చూపిస్తే రెండోది తీసేస్తాను," అన్నాడు కాంట్రాక్టర్ ప్రేమ్ కుమార్.

మావయ్యగారు ఎప్పటిలాగే ఊచల తలుపు గుమ్మంలో కాయ పెట్టి, అదేనని చూపించారు. నేను ఊరుకోవచ్చు. కానీ కంటికి కనిపించింది నా నోట్లో ఆగదు.

"మావయ్యగారూ, దీని గడియ లోపలుందేంటండీ?"

మేం కాయలు మాగేసే కొట్టుకి గడియ బయటే ఉంటుంది. కాయలు లేచి గడియ వేసుకోవు కదా. ఖైదీకైనా అంతే. ఇది కాపలావాళ్ళు పడుకున్న గదై ఉండాలి. తలుపులేని గదికి మాత్రం గుమ్మం బయటివైపున గడియ పడే ఇనప కొక్కెం ఇంకా ఉంది.

ఆయన ఆ కొక్కేన్నీ, పక్కనే తడిసిన గోడనీ చూశారు.

"ఇన్నేళ్ళూ నేను కాయ పెట్టింది ఎవరికమ్మా? నాన్నున్న చోటేమో..." అన్నారు.

నాకూ బుర్ర తిరిగిపోయింది. జైలుగది ఉంచమంటే నాన్నతో మాట్లాడిన చోటు పోతుంది. మాట్లాడిన చోటు ఉంచమంటే నాన్న మగ్గిన గది పోతుంది. జేసీబీ డ్రైవరు హారన్ కొట్టాడు. అతన్ని దులిపేశాను.

చివరికి మావయ్యగారు తలుపులేని గది వైపు చెయ్యి చూపించారు. "అది ఉంచు బాబూ."

తర్వాత ఊచల తలుపు దగ్గరికే వెళ్ళి, గుమ్మంలోని కాయ రెండు చేతులతో తీసుకున్నారు.

"నాన్నా, నిన్ను తప్పుచోట కూర్చోబెట్టాను. లే, పక్కకి పోదాం," అన్నారు మెల్లగా.

చెప్పులు విడిచి, ఆ కంపులోనే గోడ పక్కగా నెమ్మదిగా నడిచారు. నేను దారిచ్చి పక్కకి జరిగాను. ఆయన దాటిపోయాక కూడా ఇంకాసేపు అలాగే ఒదిగి నిలబడ్డాను. ఎవరి కోసమో నాకే తెలియలేదు.