చుక్క తగ్గని ఆయిలు

డీజిల్ బండి గురించి నాకు చెప్పగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదని మొన్నమొన్నటి దాకా అనుకునేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలాను. తక్కువ డీజిల్‌తో ఎక్కువ దూరం తోలినందుకు మా డిపోలో మూడుసార్లు బహుమతి ఇచ్చారు. మూడూ గోడ గడియారాలే. మూడూ మా ముందుగదిలో వేలాడుతున్నాయి, మూడూ మూడు టైములు చూపిస్తాయి. "ఇవి కూడా మీలాంటివే, ఎవరి మాటా వినవు" అంటుంది మా ఆవిడ.

ఆవిడకి ఆరేళ్ళుగా వెన్నుపూస జబ్బు. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంట్లో గోడ పట్టుకుని మెల్లగా తిరుగుతుంది. బండి ఎక్కితే మాత్రం చిన్న గతుకు చాలు, నడుము దగ్గర మొదలైన మంట అరికాలి దాకా పాకుతుంది. ఆటో, టాక్సీ, ఎవరెవరి కార్లో అన్నీ అయ్యాయి. ప్రతిసారీ కళ్ళనీళ్ళతో తిరిగొచ్చి పది రోజులు మంచం దిగేది కాదు. చివరికి వెళ్ళడమే మానేసింది.

ఆవిడకి వెళ్ళాలని ఉన్నది ఒకే ఒక్క చోటికి. వాళ్ళ అక్క ఇంటికి. అరవై కిలోమీటర్లు, నున్నటి హైవే. తల్లి పోయాక ఈవిడని పెంచింది ఆ అక్కే, పదేళ్ళు పెద్దది. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈవిడ బండెక్కలేదు, ఆవిడ గడప దాటదు. కొత్త చోటు కనిపిస్తే ఏడుస్తుంది, ఎందుకంటే అక్కకి మతిమరుపు పట్టింది. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది, తర్వాత అన్నం తిన్నదో లేదో, తర్వాత ఎదురింటి వాళ్ళ పేర్లు. చెల్లెల్ని మాత్రం మర్చిపోలేదు. "ఇప్పటికైతే పిన్ని గొంతు వింటే గుర్తుపడుతోంది బాబాయ్. ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టరు" అంది అక్క కూతురు ఫోన్లో. అది విన్న రోజు మా ఆవిడ ఏమీ తినలేదు.

అసలు ఆ బండి ఆలోచన ఎలా వచ్చిందంటే, ఒకసారి ఈవిడకి మరీ ఎక్కువైతే మా వీధి చివరి డాక్టరు తన పెద్ద కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారిలో వెనక్కి తిరిగి చూస్తే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. నా భార్య బండిలో నిద్రపోగా చూసి ఎన్నేళ్ళయిందో. అది ఇంజను గొప్పా కాదు, డ్రైవరు గొప్పా కాదు. ఆ సీటు, కింద గాలి మీద నిలబడే స్ప్రింగులు. ఆ రోజే నిశ్చయించుకున్నాను.

కొత్తది కొనే తాహతు ఏడు తరాలకీ రాదు. అలాంటిదే పదేళ్ళ పాతది, నల్లది, డీజిల్‌ది దొరికింది. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మినాయన రోజూ హైవే మీద పక్కూళ్ళకి వెళ్ళొచ్చే వ్యాపారి. నేను బానెట్ తెరిచి, చెవి పెట్టి విని, ఆయిల్ మట్టం కొలిచే పుల్ల లాగి చూసి, సరే అన్నాను. పాత పెద్దకారు కొనడమంటే ఏనుగుని మేపడమేనని చెప్పనివాడు పాపాత్ముడు. "తెల్ల ఏనుగైతే భయం. మనది నల్లది కదా" అని నవ్వింది మా ఆవిడ. ఇంటికి తెచ్చిన రోజు ముందు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఎప్పుడు వెళ్దాం అక్క దగ్గరికి?" అని అడిగింది.

"ముందు బండి ఒకసారి చూపించనీ" అన్నాను.

ఈ రకం బండ్లు చూసే మెకానిక్ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ముప్పై దాటని కుర్రాడు, సీసా అడుగంత మందం కళ్ళజోడు. పేరడగలేదు, నేను కళ్ళజోడు అనే పిలుస్తాను. చేతికి మసి అంటించుకోడు, ముందు కంప్యూటర్ తగిలించి బండి నాడి చూస్తాడు. మా ఆవిడ సీట్లోనే కూర్చుని ఉంది. అతను అద్దం పక్కన నిలబడి చెప్పాడు.

"బండి మంచిదే సార్. కానీ ఒక్క మాట. ఈ బండికి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. మసి నిండితే బండే దాన్ని కాల్చుకుంటుంది. కాలాలంటే బాగా వేడెక్కాలి. వారానికోసారైనా హైవే మీద నలభై నిమిషాలు ఆపకుండా, కొంచెం గట్టిగా తోలండి. ఊళ్ళోనే తిప్పితే జల్లెడ మూసుకుపోతుంది, ఇంజనే పోతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బాబూ, నువ్వు పుట్టకముందే నేను పైపు నోట్లో పెట్టి డీజిల్ లాగినవాణ్ణి. బండి తోలకపోతే పాడవుతుందా? రేపు అన్నం తింటే ఆకలేస్తుందంటావు" అన్నాను. అతను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు.

ఇక నా పద్ధతిలో నేను చూసుకున్నాను. ఏడింటికి లేచి బండి స్టార్ట్ చేసి పావుగంట అలాగే ఉంచేవాణ్ణి. డిపోలో అంతే. బ్రేకులకి గాలి నిండే దాకా బస్సు కదలదు, ఇంజను ఒళ్ళు వెచ్చబడందే గేరు పడదు. తర్వాత గుడ్డ తడిపి తుడిచేవాణ్ణి. రెండు రోజులకోసారి మా ఆవిడని నడుము వ్యాయామాలు చేయించే చోటికి తీసుకెళ్ళేవాణ్ణి, రెండు కిలోమీటర్లు. స్పీడు ముప్పై దాటనిచ్చేవాణ్ణి కాదు. ఒక్కోసారి ఇంటికి చేరేసరికి ఇంజను ఫ్యాను హోరుమని తిరుగుతూ కాలిన వాసన వచ్చేది. పాపం బండి అలిసిపోయిందని వెంటనే ఆపేసేవాణ్ణి. అది మసి కాల్చుకోవడం అప్పుడే మొదలుపెట్టిందని, ప్రతిసారీ దాని నోటి దగ్గర ముద్ద నేను లాగేస్తున్నానని నాకేం తెలుసు? చెప్పినవాడు చెప్పాడు కదా అంటారేమో. చెప్పాడు.

ఆదివారం ఆదివారం పుల్ల లాగి ఆయిల్ చూసేవాణ్ణి. చుక్క తగ్గలేదు. రెండు నెలల తర్వాత చూస్తే వెంట్రుకవాసి పెరిగినట్టు కూడా అనిపించింది. పొంగిపోయాను. పుల్ల పట్టుకుని ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడకి చూపించాను. "చూశావా, పదేళ్ళ బండి. చుక్క ఆయిల్ తాగడం లేదు!"

ఆవిడ వాసన చూసి, "డీజిల్ కంపు కొడుతోందేమిటండీ?" అంది.

"నా చేతులది" అన్నాను. ముప్పై ఏళ్ళ కంపు, ఎన్ని సబ్బులరగదీసినా పోలేదు. నా ముక్కుకి లోకమంతా అదే వాసన.

అక్క దగ్గరికి ఎప్పుడంటే, టైర్లు మార్చాక అన్నాను. టైర్లు మార్చాక, వానలు తగ్గాక అన్నాను. వానలు తగ్గాక, రోడ్డు పని అవుతోంది, గుంతలుంటాయన్నాను. అవన్నీ సాకులే. నిజమేమిటంటే బండిని దాచుకుంటున్నాను. ఆ ఒక్క ప్రయాణం కోసమే కొన్నాను కాబట్టి ఆ ప్రయాణానికి అది కొత్తపెళ్ళికూతురిలా ఉండాలని, అనవసరంగా ఒక్క కిలోమీటరు అరిగించకూడదని. ఇలా ఎనిమిది నెలలు గడిపాను. మధ్యలో స్టీరింగు ముందు పసుప్పచ్చ దీపం ఒకటి వెలగడం మొదలుపెట్టింది. మా బస్సుల్లో వెలగాల్సిన దీపమే వెలిగేది కాదు, ఇక వెలిగినదాన్ని పట్టించుకుంటామా?

రెండు నెలల కిందట వాళ్ళ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. అక్క తన సొంత కూతుర్ని "మీరెవరమ్మా" అని అడిగిందట. అడిగి, "మా చెల్లెలు ఎప్పుడొస్తుంది?" అందట.

ఇక మా ఆవిడ నన్నేమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే తలంటుకుని, చీర మార్చుకుని, జుట్టు విరబోసుకుని వచ్చి బండి దగ్గర నిలబడింది.

"జడ వేసుకోలేదేం?"

"అక్క వేస్తుంది" అంది. చేతిలో దువ్వెన ఉంది.

హైవే ఎక్కాం. బండి వెన్న మీద కత్తిలా సాగుతోంది. మా ఆవిడ అద్దం దించి చేతిని బయటికి పెట్టి గాలిని పట్టుకుంటోంది. "ఏమండోయ్ డ్రైవరు గారూ, టికెట్ తీసుకోలేదు నేను" అంది. ఆ మాట పెళ్ళైన కొత్తలో నా బస్సెక్కినప్పుడల్లా అనేది. నేను నవ్వాను. ఆ నవ్వు పూర్తవకముందే పసుప్పచ్చ దీపం మిణుకుమనడం మొదలుపెట్టింది.

ఇరవయ్యో కిలోమీటరు దాటాక బండి బరువెక్కింది. కాలు ఎంత నొక్కినా నలభై దాటదు. ఇరవై మూడో కిలోమీటరు దగ్గర ఎర్ర దీపం వెలిగి, కింద నుంచి చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇంజను లోపల బేరింగులు పోతున్న చప్పుడది. బస్సైతే ఆ క్షణమే పక్కకి తీసి ఆపేసేవాణ్ణి, ఏ కొత్త డ్రైవరైనా ఆపేస్తాడు. నేను ఆపలేదు. ఇంకా ముప్పై ఏడు కిలోమీటర్లు. పాక్కుంటూనైనా పోదాం, చేరాక చస్తే చావనీ అనుకున్నాను. మా ఆవిడ చెయ్యి లోపలికి తీసుకుని నా వైపు చూస్తోంది. మూడు కిలోమీటర్లు పోనిచ్చాను. పెద్ద చప్పుడు చేసి ఇంజను బిగుసుకుపోయింది.

తిరిగి రావడానికి దొరికింది ఒక పాత టాక్సీ. ముందుకే వెళ్దామంది ఆవిడ, ఒక కిలోమీటరు పోకముందే నొప్పికి తాళలేక తనే వద్దంది. ఇంటి దాకా ఆ ఇరవై ఆరు కిలోమీటర్లూ ఆవిడ పమిట చెంగు పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. జుట్టు మొహం మీద పడుతుంటే తియ్యడానికి కూడా చెయ్యి లేపలేదు. మూడు వారాలు మంచం దిగలేదు. ఇక ఏ బండీ ఎక్కించొద్దన్నాడు డాక్టరు.

కళ్ళజోడు ఇంజను విప్పి, కింద ఆయిల్ పళ్ళెంలోంచి కొంచెం నా అరచేతిలో పోశాడు. నీళ్ళలా జారిపోయింది.

"ఇందులో మూడో వంతు డీజిలే సార్. మసి కాల్చుకోవడానికి ఎక్కువ డీజిల్ పోసుకుంటుంది. మధ్యలో ఆపేస్తే అదంతా కిందికి దిగి ఆయిల్‌లో కలిసి పల్చన చేస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్ మట్టం పెరిగి ఉండాలే, చూడలేదా?"

చూశాను బాబూ. చూసి పొంగిపోయాను.

"ఇంజను మారిస్తే?" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఈ బండికి ఇంజనంటే ఇంకో బండే. నా దగ్గర ఇక అమ్మడానికి గడియారాలు తప్ప ఏమీ లేవు.

"మీరు చెడ్డగా వాడిన బండి కాదు సార్" అన్నాడతను, నన్ను ఓదార్చాలనే. "ఒంటి మీద ఒక్క గీత లేదు. వారానికోసారి ఆ హైవే మీద ఓ అరవై కిలోమీటర్లు వెళ్ళొచ్చి ఉంటే ఇంకో లక్ష తిరిగేది."

అరవై అనే అన్నాడు. నేను చెప్పలేదు అతనికి, మేం ఎక్కడికి వెళ్తున్నామో. బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ బండి కోరుకున్నదీ, నా భార్య కోరుకున్నదీ ఒకటే. రెంటినీ కంటికి రెప్పలా కాపాడి చంపుకున్నాను.

ఇంటికొచ్చి అబద్ధం చెప్పాను. "పాత బండి కదా, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే" అన్నాను.

మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. "వారానికోసారి హైవే మీద తోలమన్నాడు కదండీ ఆ అబ్బాయి" అంది మెల్లగా. "ఆ రోజు నేను సీట్లోనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. డీజిల్ గురించి ఎవరైనా చెప్తే మీకు పడదు కదా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

బండిని లాగించుకొచ్చి ఇంటి ముందే పెట్టాను. ఇంజను లేని బండి ఎవరికి కావాలి? స్ప్రింగుల్లో గాలి తగ్గి వెనక భాగం నేలకి దిగబడిపోయింది. మా ఆవిడ లేచి తిరగడం మొదలుపెట్టాక ఓ ఆదివారం పొద్దున, "నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టండి. నా నడుముకి పడేది అదొక్కటే" అంది. కూర్చోబెట్టి, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆవిడ అక్కకి ఫోన్ కలిపింది.

"ఎక్కడున్నావే?" అంది అక్క. గొంతు గుర్తుపట్టింది.

మా ఆవిడ నా వైపు చూసింది. చూసి, "కార్లో ఉన్నానక్కా. బయల్దేరాం" అంది.

"నిజంగానా! ఎంతసేపట్లో వస్తారు?"

ఫోన్ చేత్తో మూసి, ఎంతసేపని కళ్ళతోనే అడిగింది నన్ను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ప్రయాణికుడికీ తప్పుడు టైము చెప్పలేదు నేను. "గంట" అన్నాను.

"గంటలో ఉంటామక్కా. జడ వేసుకోలేదు, నువ్వే వెయ్యాలి."

ఎలాగూ మర్చిపోతుంది కదా, ఆ కాసేపైనా సంతోషంగా ఉంటుందనుకున్నాం. మూడు ఆదివారాలు అలాగే చేశాం. ప్రతిసారీ అక్కకి అదే మొదటిసారి, అదే సంతోషం.

నిన్న సాయంత్రం వాళ్ళ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "బాబాయ్, అమ్మ ఈమధ్య ఆదివారమొస్తే చాలు, దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూర్చుంటోంది. చీకటి పడినా తలుపు వెయ్యనివ్వడం లేదు. ఎవరొస్తారమ్మా అంటే గుర్తులేదంటుంది. మీకేమైనా తెలుసా?"