రాళ్ల చదువు

బుధవారం పొద్దున రాళ్లపెట్టె ఎత్తుకుని పక్కింటికి వెళ్లాను. మా అమ్మాయి హెలెద్ ఇంకా నిద్రలోనే ఉంది. మెట్ల మీద కాలు జారితే ఇంట్లో ఇద్దరు రోగులవుతాం, చూసేవాళ్లెవరు అనుకుంటూ ఒక్కో అడుగే వేశాను. గ్లెనిస్ తలుపు తీసి, పెట్టె మూత ఎత్తి చూసింది.

"రాళ్లా! ఈ లోయంతా రాళ్లే కదే నెస్టా. ఇక్కడ ఊరికే దొరికేవాటిని గవర్నమెంటు డబ్బు పెట్టి పోస్టులో పంపించిందా?"

"నెమ్మదిగా మాట్లాడవే. మధ్యాహ్నం ఆ భత్యం ఆఫీసాయన వస్తాడు. పోయేదాకా నీ మంచం కింద ఉంచు."

"నా మంచం కింద మా ఆయన బూట్లున్నాయి. మనిషి పోయినా అవి కదల్లేదు. సరేలే, వాటికీ కాస్త తోడు."

నాకు నవ్వు రాలేదు.

హెలెద్‌కి ముప్ఫయ్యొకటి. ఇరవై దాటగానే కండరాల జబ్బు పట్టుకుంది. నీళ్లు నింపిన కెటిల్ కూడా ఎత్తలేని స్థితి. ముందు గదిలోనే మంచం వేశాం. తనకొచ్చే జబ్బు భత్యం, తనని చూసుకుంటున్నందుకు నాకిచ్చే కాస్తా, వాటితోనే ఇల్లు నడుస్తోంది. కిందటేడు ఆకురాలు కాలంలో మంచం మీంచే దూరవిద్యలో చేరింది. ఏడాదికో సబ్జెక్టు. భూమి గురించి, రాళ్ల గురించి. ఆ రాళ్లపెట్టె దానికోసం వచ్చిందే. భత్యం మీద బతికేవాళ్లకి ఫీజు ప్రభుత్వమే కడుతుందట, కట్టింది కూడా. ఇంకో తల్లయితే సంతోషించేదేమో. ఫీజు కట్టేదీ భత్యం ఇచ్చేదీ ఒకే ప్రభుత్వం కదా, ఒక చెయ్యి పెట్టింది రెండో చేతికి తెలియకుండా ఉంటుందా? చదవగలిగిన పిల్ల పని కూడా చెయ్యగలదంటారు. భత్యం ఆపేస్తారు. ఆ తర్వాత అద్దె, ఆ తర్వాత ఈ ఇల్లు. కీడెంచి మేలెంచమన్నారు. నేను ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోతాను.

ఆ ఆఫీసాయన వస్తాడని తెలిసిన రోజు నుంచీ దాని ప్రాణం తీశాను. చదువు మాట ఎత్తకే, ఎత్తకే అని.

"చదువుకోవచ్చని రూల్సులో ఉందమ్మా. నేను అడిగాను," అనేది.

"రూల్సు రాసేవాడు వేరు, ఇంటికొచ్చేవాడు వేరు," అనేదాన్ని.

మధ్యాహ్నం వానలోనే వచ్చాడు. పేరు ప్రోసర్ అన్నాడు. తడిసిన బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలా ఉన్నారమ్మా?" అని హెలెద్‌ని అడిగాడు.

"బాగున్నానండీ, థాంక్స్," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "బాగోలేదండీ! అది మర్యాదకి అన్న మాట. మా లోయలో శవపేటికలో పెట్టాక అడిగినా బాగున్నామనే అంటాం."

ఆయన చిన్నగా నవ్వి ఏదో రాసుకున్నాడు. దాని మాట రాశాడో, నా మాట రాశాడో తెలియలేదు. స్నానం ఎలా చేస్తారు, వంట చెయ్యగలరా అని అడుగుతూ పోయాడు. చివరికి, "రోజంతా ఎలా గడుస్తుంది?" అన్నాడు.

దాన్ని నోరు తెరవనివ్వలేదు నేను. "ఏమీ చెయ్యదండీ. పైకప్పు చూస్తూ పడుకుంటుంది. అంతే."

"చదువుకునేదాన్ని," అంది హెలెద్. గొంతులో కోపం కూడా లేదు. "నాలుగు పేజీలు చదివితే మర్నాడు లేవలేకపోయేదాన్ని. అయినా చదివేదాన్ని. మొన్న మానేశాను."

"మానేశావా?" అన్నాను.

"యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. ఈ దిగులుతో నువ్వు నిద్రపోవడం లేదు కదమ్మా."

ప్రోసర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "చదువుకోవడం తప్పని నేననడం లేదమ్మా. భత్యానికి మేలు చేస్తుందనీ చెప్పలేను. విన్నది రాసుకెళ్తాను. తేల్చేది వేరేవాళ్లు."

బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నేను కోరుకున్నదే జరిగింది. గుండె తేలికపడుతుందేమోనని కాసేపు వంటింట్లో కూర్చున్నాను. ఏమీ కాలేదు. కప్పులు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను. ముందు గదిలోకి వెళితే టీవీ చప్పుడు లేకుండా నడుస్తోంది, హెలెద్ వెల్లకిలా పడుకుని ఉంది.

"ఏం చూస్తున్నావే?"

"పైకప్పు. ఆయనకి చెప్పావుగా."

మంచం అంచున కూర్చున్నాను. తిట్టినా బాగుండేది.

"మళ్లీ చేరచ్చా?" అని అడిగాను.

"శుక్రవారం లోపు మానడం వద్దనుకున్నానని చెబితే సరిపోతుంది. అది దాటితే ఈ సబ్జెక్టుకి ప్రభుత్వం మళ్లీ ఫీజు కట్టదు. మనమా కట్టలేం."

హెలెద్ నంబరు చెప్పింది, నేను నొక్కాను. ఫోన్లో సంగీతం వస్తూ ఉంది. పెట్టేస్తే అడిగేవాళ్లు లేరు. ప్రోసర్ ఏం రాసుకెళ్లాడో తెలియదు. భత్యం ఆగిపోయిందన్న కబురు రేపే రావచ్చు. ఇద్దరం ఎక్కడికి పోతాం, దీని మంచం ఎవరి ఇంట్లో పడుతుంది అనుకుంటూనే ఉన్నాను, పెట్టెయ్యలేదు. చివరికి ఒక అమ్మాయి పలికింది. సంగతి చెప్పాను.

"చదివేవాళ్లే స్వయంగా చెప్పాలండీ," అంది.

ఫోన్ హెలెద్ ముందుకు చాపాను. తీసుకోలేదు.

"ఆయన కాకపోతే ఇంకొకడు వస్తాడు. అప్పుడేం చెబుతావు?"

"చదువుకుంటోందనే చెబుతాలే."

"నాకు కాదు. వాళ్లకి చెప్పినట్టు చెప్పు."

ప్రోసర్ కూర్చున్న కుర్చీ వైపు చూశాను.

"మా అమ్మాయి చదువుకుంటోందండీ," అన్నాను.

"హలో? ఎవరండీ?" అంది ఫోన్లో అమ్మాయి.

హెలెద్ చెయ్యి చాపి ఫోన్ అందుకుంది. తన పేరు చెప్పింది, పుట్టినతేదీ చెప్పింది. దాని చెయ్యి అంతసేపు పైకి నిలవదు. మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి, మాట్లాడడం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.