సారక్క కట్టిన కట్టలు

కోరుట్ల బీడీల కార్ఖానాలో ఆ పొద్దున హనుమంత రావు సారక్క చాటను వాకిట్లో బోర్లించాడు. జగిత్యాల పల్లెల్లో రైతుకూలీ సంఘాలు లేచి, దొరల గడీలకు తాళాలు పడ్డాక పట్నం చేరి, బీడీల గుత్త పట్టి టేకేదారు అయిన దొర ఆయన. ఊరు వదిలాడు గానీ దొరతనం వదల్లేదు. చెల్లాచెదురైన బీడీలను కాలితో నెట్టి, పక్కనున్న ఎల్లవ్వ కట్టను ఎత్తిపట్టుకున్నాడు. పనంటే ఇదీ, చూసి బుద్ధి తెచ్చుకోండని నలభై మంది ఆడవాళ్ళ ముందు అన్నాడు.

ఎల్లవ్వ నవ్వింది. ఆ నవ్వే ఆమె చేసిన తప్పు.

ఇరవై ఏళ్ళుగా ఆమె బీడీల్లో ఒక్కటి కూడా పనికిరాదని పక్కన పడలేదు. మగడు పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే. మిగతావాళ్ళ కట్టల్లోంచి మాత్రం దోసెళ్ళకొద్దీ తీసేసేవాళ్ళు. వాటికి కూలి లేదు. పనికిరానివైతే తుంచి పారేయాలి గదా! అవి వెనక అర్రలోకి పోయి, మంచివాటితో కలిసి సెగకు ఆరబెట్టే భట్టీకెక్కేవి. ఆడవాళ్ళ కష్టం అప్పనంగా అమ్ముడుపోయేది. తీసిన బీడీలు మా కళ్ళ ముందే తుంచాలని అడగడానికి జోహరా బీ ఇంట్లో సంఘం పెట్టుకున్నారు. జోహరా బీ కూడా బీడీలు చేసేదే, ఉన్న మాట మొహం మీద అనే మనిషి.

ఎల్లవ్వను పిలవడానికి సారక్క వచ్చింది. ఇద్దరిదీ ఒకే వాడకట్టు, తోడబుట్టినవాళ్ళలా మెలిగినవాళ్ళు. రొమ్ము పట్టేసే దగ్గుతో గడప దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, నువ్వొక్కదానివి అస్తె చాలు. నీ మాటకు దొర జవాబు చెప్పాలె."

"చెయ్యి తిరగనోళ్ళకు సంఘం గావాలె. నాకెందుకే?" అంది ఎల్లవ్వ.

సారక్క దగ్గుకుంటూ వెళ్ళిపోయింది. సంఘం వాళ్ళు అడగబోయిన రోజు హనుమంత రావుకు జవాబు వెతుక్కునే పనే లేకపోయింది. ఎల్లవ్వకు లేని బాధ మీకెందుకు, లోపం మీ చేతుల్లోనే ఉందన్నాడు. ముందు నిలబడి అడిగిందని సారక్కకు బీడీలు చుట్టే తునికాకు ఇవ్వడం బంద్ చేశాడు. ఆమె తెచ్చిన పది కట్టలనూ ముట్టకుండా తిప్పి పంపాడు. ఆకు లేక కూలి లేదు, కూలి లేక మందు లేదు. నెల తిరగకముందే సారక్క పోయింది.

దినాలయ్యాక ఎల్లవ్వ ఆ ఇంటికి పోతే మూలన చాటలో ఆ పది కట్టలూ అట్లాగే ఉన్నాయి. ఒకటి విప్పి, బీడీని వేళ్ళతో నొక్కింది. మూతి మడిచిన చోట గోటితో గీరింది. వంక దొరకలేదు. నమ్మబుద్ధి కాక ఇంకో కట్ట విప్పింది. అన్నీ చూశాక మళ్ళీ కట్టి, తన చాటలో పెట్టుకుంది.

మర్నాడు కార్ఖానాలో హనుమంత రావు ఆ కట్టలను తిప్పి చూడనైనా చూడలేదు. ఎల్లవ్వ బీడీలకు వంకేముంటుందని అన్నిటినీ మంచివాటిలో వేయించాడు.

ఎల్లవ్వ ఆ కట్టలకేసి చూసింది. తన పేరు తన చేతులు సంపాదించిందే. దానితోనే దొర తోటివాళ్ళ నోళ్ళు నొక్కాడు. నొక్కుతుంటే తాను మురిసిపోయింది. అందరికీ వినబడేలా అంది.

"గా పది కట్టలు నాయి గావు. సచ్చిపోయిన సారక్కయి."

హనుమంత రావు మొహం మాడిపోయింది. దొంగ సరుకు పెట్టిందంటూ పోలీసులకు కబురు పంపాడు. తర్వాత గొంతు తగ్గించి, అందరి ముందు తన కాళ్ళు మొక్కితే మరిచిపోతానని, రేపటినుంచి మంచి ఆకు ఏరి ఇస్తానని అన్నాడు. ఆ రోజుల్లో పోలీసు జీపెక్కిన మనిషి మీద నక్సలైటు పేరు పెట్టడానికి పోలీసులకు క్షణం పట్టదు. ఆ సంగతి ఎల్లవ్వకూ తెలుసు.

ఆమె వెనక్కి తిరిగి, ఆడవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించింది. ఆ మనిషి తల వంచడం ఎవరూ చూసి ఎరగరు.

"తప్పయింది. తిట్టుండ్రి, కొట్టుండ్రి. సారక్క పిలిస్తె రాకపోతి. నా పేరు జూసుకొని మురిసి దాని పానం దీస్తి."

జోహరా బీ వచ్చి రెక్క పట్టి లేపింది. "మాకు మొక్కినవు, మా మనిషివైనవు. ఇగ గాయన ముందట వంగకు."

జీపు వచ్చాక పోలీసు జమేదారు కూడా అదే మాట చెప్పాడు. దొర కాళ్ళు మొక్కి ఇంటికి పొమ్మన్నాడు.

"మొక్కాల్సినోళ్ళకు మొక్కిన," అని ఎల్లవ్వ తానే నడిచి జీపెక్కింది.

జోహరా బీ అప్పుడే తీసుకున్న ఆకు కట్టను హనుమంత రావు ముందు పడేసింది. ఆమె వెనక ఒక్కొక్కరే పడేశారు. ఆయన తిట్టాడు, ఆకు ఇక ఎప్పటికీ ఇవ్వనన్నాడు. ఎవరూ వంగి తీసుకోలేదు. అందరూ కలిసి ఠాణాకు నడిచి, వాకిలికి అడ్డంగా కూర్చుని ఎల్లవ్వను వదలమని కేకలు పెట్టారు.

లోపల ఎల్లవ్వ ఏ గొంతు ఎవరిదో గుర్తుపడుతూ విన్నది. సారక్క ఉంటే అందరికంటే ముందు ఆమె గొంతే వినిపించేదని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఊచలు పట్టుకుని లేచి, వాళ్ళతో గొంతు కలిపింది.